క్షిపణి ఎంత దూరం పోతుందన్నదే కాదు, విమానం పొట్టలో ఎన్ని పడతాయో కూడా రాయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. విమానం నుంచి విమానం మీదికి వేసే క్షిపణిని పరీక్షించిన మర్నాడు పత్రికలన్నిటిలో ఒకే అంకె పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. అది ఎన్ని కిలోమీటర్లు పోతుందన్న అంకె. మీ పత్రిక కూడా అలాగే వేస్తోంది. పాఠకులు దాన్నే పట్టుకుంటారు. పొరుగు దేశం క్షిపణికి ఇంకాస్త పెద్ద అంకె కనిపిస్తే మనం వెనకబడ్డామని బాధపడతారు. ఆ అంకె అబద్ధమని మేము అనడం లేదు. కానీ రేపు మనం కట్టబోయే విమానానికి అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటి ఉంది: ఆ క్షిపణి పొడవెంత, రెక్కల వెడల్పెంత, విమానం పొట్టలో ఎన్ని పడతాయి? దీని గురించి తెలుగులో ఎవరూ రాయడం లేదు కాబట్టి ఈ ఉత్తరం కాస్త వివరంగానే రాస్తున్నాం. మన ప్రకాశం జిల్లా దొనకొండకు కూడా ఇందులో పని ఉంది. ఆ సంగతి చివర్లో చెబుతాం.

ముందు ఆ కిలోమీటర్ల అంకె సంగతి. మన అస్త్ర మార్క్‌-1 పొడవు సుమారు 3.84 మీటర్లు, వ్యాసం 178 మిల్లీమీటర్లు, బరువు 154 కిలోలు. దూరం 100 కిలోమీటర్లకు పైనే అని రక్షణ శాఖ చెబుతోంది. మంచి క్షిపణి, మన సొంత క్షిపణి. కానీ ఏ దేశం క్షిపణికైనా ఇలా చెప్పే దూరం రెండు విమానాలూ చాలా ఎత్తులో, మంచి వేగంతో, ఎదురెదురుగా వస్తున్నప్పటి లెక్క. శత్రువు వెనక్కి తిరిగి పారిపోతుంటే అది సగానికీ రాదు. కిందికి దిగితే ఇంకా తగ్గుతుంది. 10 కిలోమీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్ర మట్టంతో పోలిస్తే మూడో వంతే. అంటే కింద గాలి మూడు రెట్లు బలంగా వెనక్కి లాగుతుంది. అందుకే పైలట్‌కు కావాల్సింది ఒక్క అంకె కాదు. ఏ ఎత్తులో, ఏ వేగంలో, శత్రువు ఏ దిక్కుకు తిరిగి ఉంటే ఎంత దూరం అనే పట్టిక కావాలి.

ఇక పొట్ట సంగతి. ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ రూపకల్పన చేస్తున్న మన కొత్త యుద్ధ విమానం ఆమ్కా రాడార్‌కు సులువుగా దొరకకూడని విమానం. దీని రూపకల్పనకూ నమూనాల తయారీకీ 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గ భద్రతా సంఘం 15,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. రెక్కల కింద క్షిపణులు వేలాడదీస్తే దాని ఆకారం కోసం పడ్డ శ్రమంతా వృథా. ఒక్కో క్షిపణీ, దాన్ని పట్టుకునే పట్టీ, దాని రెక్కల మూలలూ రాడార్‌కు అద్దంలా మెరుస్తాయి. కాబట్టి ఆయుధాలు తలుపులు వేసిన అరలో, విమానం పొట్టలో ఉండాలి. ఆమ్కా లోపలి అర 1,500 కిలోల బరువు మోస్తుందనీ, అందులో అస్త్ర తరగతి క్షిపణులు నాలుగు పడతాయనీ ఇప్పటిదాకా బయటికి వచ్చిన వివరాలు చెబుతున్నాయి. ఒక్కసారి లెక్క చూడండి. నాలుగు అస్త్రలు కలిపి 616 కిలోలు. బరువు పరంగా సగం కూడా నిండలేదు, చోటు పరంగా మాత్రం అర నిండిపోయింది. అంటే అడ్డు వస్తున్నది బరువు కాదు, పొడవూ రెక్కల వెడల్పూ. ఒక్కో లక్ష్యం మీదికి రెండేసి వేయడం మామూలు కాబట్టి నాలుగు క్షిపణులంటే రెండు లక్ష్యాలు. ఆ తర్వాత ఎంత గొప్ప విమానమైనా వెనక్కి తిరగాల్సిందే.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు. అమెరికా ఎఫ్‌-22కి ఆమ్రామ్ సరిపోవడానికి ఆ క్షిపణి రెక్కలనే కత్తిరించారు. మొదటి రకాల్లో 533 మిల్లీమీటర్లున్న రెక్కల వెడల్పు సి రకంలో సుమారు 445కి తగ్గింది. దాంతో ఎఫ్‌-22 ప్రధాన అరలో ఆరు పట్టాయి. ఎఫ్‌-35లో మొదట నాలుగే. అమరికను మార్చి ఆరు పట్టించే ఏర్పాటు ఎ, సి రకాలకు చేస్తున్నారు. బి రకం అర చిన్నది, దానికి ఆ వీలు లేదు. ఒకసారి అర కొలత ఖరారైతే తర్వాత ఎంత డబ్బు పోసినా అది పెరగదు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. చైనా పీఎల్‌-15ఈ క్షిపణికి మడిచే తోక రెక్కలు పెట్టి ప్రదర్శించింది. ఇంకో దారి క్షిపణి పొడవునే సగం చేయడం. లాక్‌హీడ్ మార్టిన్ ‘క్యూడా’ (CUDA) అనే నమూనాను చూపించింది. 2019లో రేథియాన్ పెరిగ్రిన్‌ను ప్రకటించింది. దాని పొడవు సుమారు 1.8 మీటర్లు, బరువు సుమారు 68 కిలోలు. ఆమ్రామ్‌లో సగం పొడవు, సగం కంటే తక్కువ బరువు. ఒక్క పెద్ద క్షిపణి చోట రెండు పట్టించాలన్నదే వాళ్ళ లెక్క.

సగానికి కోస్తే సరిపోతుంది కదా అనుకోవడం సులువు. అసలు కష్టం అక్కడే మొదలవుతుంది.

చీమకుర్తిలో గ్రానైట్ కోసేవాళ్ళకు ఈ లెక్క చెప్పక్కర్లేదు. పలక 20 మిల్లీమీటర్లదైనా 10 మిల్లీమీటర్లదైనా రంపం బ్లేడు తినే మందం ఒకటే. పలక పలచనయ్యే కొద్దీ రాయిలో పొడిగా పోయే వాటా పెరుగుతుంది. క్షిపణిలోనూ అంతే. మోటారు గొట్టం, దాని లోపల వేడిని ఆపే రబ్బరు పొర కలిపి చుట్టూ 5 మిల్లీమీటర్లనుకుందాం. 178 మిల్లీమీటర్ల వ్యాసంలో అది 11 శాతం చోటు తింటుంది. 120 మిల్లీమీటర్ల వ్యాసంలో అదే 5 మిల్లీమీటర్లు 16 శాతం తింటుంది. గొట్టం సన్నబడితే లోహాన్ని కొంత పలచన చేయొచ్చు. రబ్బరు పొరను చేయలేం. దాని మందాన్ని నిర్ణయించేది మోటారు ఎంత సేపు మండుతుందన్నది, గొట్టం ఎంత లావన్నది కాదు.

పొడవు లెక్క ఇంకా కఠినం. 3.6 మీటర్ల క్షిపణిలో ముందున్న సీకర్, కంప్యూటర్, వార్‌హెడ్ (పేలే భాగం), బ్యాటరీ, ఫ్యూజ్ (ఎప్పుడు పేలాలో నిర్ణయించేది) అన్నీ కలిపి 1.6 మీటర్లు, మోటారూ తోక భాగమూ 2 మీటర్లు అనుకుందాం. మొత్తాన్ని 1.8 మీటర్లకు కుదించి పరికరాలను ఉన్నవి ఉన్నట్టే ఉంచితే మోటారుకు మిగిలేది 20 సెంటీమీటర్లు. దాంతో ఏ పనీ జరగదు. పరికరాలను కూడా 80 సెంటీమీటర్లలోకి నొక్కితేనే మోటారుకు ఒక మీటరు దక్కుతుంది. అందుకే చిన్న క్షిపణి చేయడమంటే ముందుగా ఎలక్ట్రానిక్స్‌ను కుదించడం. ఇంధనం సంగతి ఆ తర్వాతే.

మోటారు ఆరిపోయాక ఇంకో దెబ్బ పడుతుంది. ఇలాంటి క్షిపణిలో మోటారు మండేది కొద్ది సెకన్లే, మిగతా దారంతా ఉన్న వేగంతో దూసుకుపోవడమే. అదే వ్యాసంతో పొడవు సగం చేస్తే ముఖం వైశాల్యం మారదు, బరువు మాత్రం సగమవుతుంది. ఒంటి మీది రాపిడి కొంత తగ్గినా, గాలి దాదాపు అంతే బలంగా వెనక్కి లాగుతుంది. సగం బరువున్నది దానికి సగమే తట్టుకుంటుంది, వేగం దాదాపు రెట్టింపు చురుగ్గా పడిపోతుంది. వ్యాసం కూడా తగ్గించాలి అనేది ఇందుకే. వ్యాసం తగ్గిస్తే ఏమవుతుందో సీకర్ దగ్గర తెలుస్తుంది.

సీకర్ అంటే క్షిపణి ముక్కులో ఉండే కన్ను. రాడార్ సీకర్ యాంటెన్నా ఎంత వెడల్పుంటే దాని కిరణం అంత సన్నగా ఉంటుంది. 150 మిల్లీమీటర్ల యాంటెన్నాతో, 16 గిగాహెర్ట్జ్ దగ్గర, కిరణం వెడల్పు సుమారు 9 డిగ్రీలు. 10 కిలోమీటర్ల అవతల అది ఒకటిన్నర కిలోమీటరుకు పైగా పరుచుకుంటుంది. యాంటెన్నా 100 మిల్లీమీటర్లకు తగ్గితే కిరణం 13 డిగ్రీలకు, అది పరుచుకునే వెడల్పు 2.3 కిలోమీటర్లకు పెరుగుతుంది. అంత వెడల్పులో పక్కపక్కన ఎగిరే రెండు విమానాలు ఒకే చుక్కలా కనబడతాయి. కిందికి చూస్తే నేల మీది ప్రతిధ్వనులన్నీ కలిసి వస్తాయి. దూరం కూడా తగ్గుతుంది. అదే శక్తి, అదే తరంగంతో యాంటెన్నా వ్యాసం సగం చేస్తే దాని లాభం (గెయిన్, అంటే శక్తిని ఒకే వైపు కూడగట్టే బలం) నాలుగో వంతు అవుతుంది. పంపేటప్పుడూ అందుకునేటప్పుడూ రెండుసార్లు లెక్క కాబట్టి పదహారో వంతు. రాడార్ దూరం దానికి నాలుగో మూలం కాబట్టి సరిగ్గా సగం.

దీనికి మందు తరంగాన్ని పొట్టి చేయడం. 35 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 8.6 మిల్లీమీటర్లే. అక్కడ 100 మిల్లీమీటర్ల యాంటెన్నా కూడా 6 డిగ్రీల కిరణం ఇస్తుంది, అంటే పెద్ద యాంటెన్నా 16 గిగాహెర్ట్జ్‌లో ఇచ్చేదానికంటే సన్నది. 22 గిగాహెర్ట్జ్ దగ్గర నీటి ఆవిరీ, 60 దగ్గర ఆక్సిజనూ తరంగాన్ని మింగేస్తాయి. వాటి మధ్యలో ఉన్న కిటికీ ఈ 35. అయితే ఈ పొట్టి తరంగానికి వాన అంటే పడదు. ఈశాన్య రుతుపవనాల్లో, తుపాను ముందు, నెల్లూరు నుంచి మచిలీపట్నం దాకా కమ్ముకునే దట్టమైన మబ్బుల్లోంచి చూడాల్సి వస్తే దాని చూపు బాగా మందగిస్తుంది. అందుకే పెరిగ్రిన్‌లో మిల్లీమీటర్ తరంగ రాడార్‌కు తోడు పరారుణ కెమెరా కూడా పెట్టామని, శత్రువు జామింగ్ చేస్తే, అంటే రాడార్‌ను తికమకపెట్టే తరంగాలు వదిలితే, ఆ జామర్ మీదికే పోయే మూడో దారీ ఉందని చెప్పారు. మూడు కళ్ళూ ఒకే ముక్కులో సర్దాలి. రాడార్ తరంగాన్నీ, వేడినీ రెండింటినీ లోపలికి రానిచ్చే ముక్కు తొడుగు కావాలి. ధ్వనికి మూడు నాలుగు రెట్లు వేగంతో పోయేటప్పుడు ఆ తొడుగు కాలిపోకూడదు, దాని సొంత వేడితో లోపలి కెమెరాకు మసక కమ్మకూడదు. మా అంచనాలో మొత్తం క్షిపణిలో కష్టమైన భాగం ఇదే. పని ఇక్కడ మొదలు పెట్టకుండా మోటారుతో మొదలుపెడితే ఏళ్ళు వృథా అవుతాయి.

తర్వాత వార్‌హెడ్. అస్త్రలో అది సుమారు 15 కిలోలు. 70 కిలోల క్షిపణిలో 15 కిలోలు వార్‌హెడ్‌కే ఇవ్వడం మోయలేని బరువు. తగ్గిస్తే తునకల పరిధి తగ్గుతుంది, గురి ఆ మేరకు పదునెక్కాలి. ఎదురెదురుగా వచ్చేటప్పుడు క్షిపణికీ విమానానికీ మధ్య దూరం సెకనుకు 1,200 మీటర్ల చొప్పున తగ్గుతోందనుకోండి. ఫ్యూజ్ ఒక సెకనులో నూరో వంతు ఆలస్యం చేస్తే 12 మీటర్లు తేడా. తేజస్ విమానం మొత్తం పొడవు 13.2 మీటర్లు. నూరో వంతు సెకనులో ముక్కు దగ్గర పేలాల్సింది తోక దగ్గర పేలుతుంది. వార్‌హెడ్ పెద్దదైతే ఈ తేడాను కొంత కప్పిపుచ్చుతుంది, చిన్నదైతే క్షమించదు.

వార్‌హెడ్ వద్దేవద్దు, నేరుగా వెళ్ళి గుద్దడమే అన్నది రెండో దారి. లాక్‌హీడ్ ‘క్యూడా’ నమూనాకు ఎంచుకున్నది ఇదే. ఇందుకు చివరి సెకనులో చాలా చురుకుతనం కావాలి. తోక రెక్కలు తిప్పితే ముందు ఒళ్ళు వంగాలి, వంగాక గాలి పక్కకు నెట్టాలి, అప్పుడు దారి మారుతుంది. ఆ ఆలస్యాన్ని తప్పించడానికి ముక్కు దగ్గర చిన్న చిన్న రాకెట్లు పెట్టి ఒంటిని అక్కడికక్కడే తిప్పుతారు. నేల మీది నుంచి వేసే పేట్రియట్ ప్యాక్‌-3లో ఇలాంటివి 180 ఉన్నాయి. గాలి పలచగా ఉండే పై ఎత్తుల్లో రెక్కలకు పట్టు ఉండదు కాబట్టి వీటి విలువ ఇంకా పెరుగుతుంది. మోటారు మండుతున్నంత సేపూ దాని మంటను పక్కకు మళ్ళించే పద్ధతి ఆర్‌-73, మైకా క్షిపణుల్లో చాలాకాలంగా ఉంది. అది మోటారు ఆరిపోయాక పనికిరాదు. చిన్న క్షిపణిలో మోటారు ఆరడం ముందే జరిగిపోతుంది. కాబట్టి ఇంధనాన్ని రెండు వాయిదాలుగా కాల్చే జంట మోటారు కావాలి. మొదటి వాయిదాతో ఎత్తుకు, దూరానికి పోవాలి, రెండోది లక్ష్యం దగ్గర అంటుకోవాలి. అస్త్ర మార్క్‌-2కు ఇదే పద్ధతి. అయితే రెండు వాయిదాల మధ్య అడ్డుగోడ, ఇంధనాన్ని అంటించే రెండో ఇగ్నైటర్ కూడా చోటు తింటాయి. గ్రానైట్ రంపం లెక్క మళ్ళీ ఇక్కడికి వస్తుంది.

గాలిని పీల్చుకునే రామ్‌జెట్ మోటారు పెడితే ఈ బాధలుండవు కదా అని కొందరు అడుగుతారు. యూరప్ మీటియోర్‌లో ఉన్నది అదే. మన డీఆర్‌డీవో కూడా 2018 నుంచి చాందీపూర్‌లో ఆ మోటారును పరీక్షిస్తోంది. దూరానికి అది గొప్పదే. కానీ గాలి పీల్చే గొట్టాలు ఒంటికి పక్కన ఉబ్బుగా బయటికి వస్తాయి. అరలో చోటు తక్కువని కదా మన బాధంతా. అందుకు అది సరైన మందు కాదు.

బ్యాటరీ, రెక్కల గురించి రెండు మాటలు చాలు. సగటున సెకనుకు 750 మీటర్ల వేగంతో 80 కిలోమీటర్లు పోవాలంటే 107 సెకన్లు. అంతసేపూ సీకర్‌కూ రెక్కల మోటార్లకూ కరెంటు ఇవ్వాల్సింది ఒక్క థర్మల్ బ్యాటరీయే. దాన్ని చిన్నది చేస్తే ఎగిరే సమయం తగ్గినట్టే. ఇక మడిచే రెక్కలు చోటు మిగిలిస్తాయి కానీ మడత దగ్గర వెంట్రుకవాసి ఆట ఉన్నా పై వేగంలో రెక్క గడగడలాడి ఊడిపోవచ్చు. కాబట్టి ప్రతి రెక్కకూ మడత విప్పి తాళం పడ్డాక ఆట ఎంతో కొలిచి రాయాల్సిందే.

అరలో ఉండటం వల్ల వచ్చే తిప్పలు వేరే ఉన్నాయి. వేగంగా పోతుండగా తలుపు తెరిస్తే ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు అర మొత్తం మోగుతుంది. ఆ మోత 150 డెసిబెల్‌లు దాటుతుంది. సోల్డరు అతుకులూ కనెక్టర్లూ వదులయ్యేది ఈ అదురులోనే. రెక్క కింద ఏళ్ళ తరబడి మోసిన క్షిపణి కాబట్టి అరలోనూ బాగుంటుందని అనుకోకూడదు. ఆ పరీక్ష మళ్ళీ మొదటి నుంచి చేయాలి. క్షిపణిని పట్టాల మీద జారవిడవడానికి లోపల వీల్లేదు. ఎజెక్టర్ దాన్ని కిందికి గట్టిగా నెట్టాలి, విమానానికి దూరమయ్యాకే మోటారు అంటుకోవాలి. తలుపు మూసి ఉన్నంతసేపూ పరారుణ కన్నుకు ఏమీ కనబడదు. కాబట్టి వదిలిన తర్వాతే లక్ష్యాన్ని పట్టుకోవాలి. అప్పటిదాకా దారి చెప్పడానికి విమానం నుంచి క్షిపణికి సమాచారం పంపే డేటాలింక్ ఉండి తీరాలి. ఒకదాని వెనక ఒకటి రెండు చిన్న క్షిపణులు పెడితే, ముందుది వెళ్ళాక వెనకది ఉన్నప్పుడూ, వెనకది వెళ్ళి ముందుది మిగిలినప్పుడూ విమానం బరువు తూకం ఎటు మొగ్గుతుందో, ఏ వరసలో వదలాలో అన్నీ ముందే తేల్చుకోవాలి.

ఇన్ని కష్టాలున్నా ఇది చేయాల్సిన పని అనీ, ఇప్పుడే మొదలుపెట్టాల్సిన పని అనీ మా గట్టి నమ్మకం. అస్త్రను మొదటిసారి నేల మీది నుంచి పేల్చింది 2003లో. సుఖోయ్ నుంచి పేల్చింది 2014లో. క్షిపణులు తయారుచేసే ప్రభుత్వ సంస్థ బీడీఎల్‌తో 2,971 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది 2022 మే 31న. తేజస్ నుంచి మొదటిసారి పేల్చింది 2023 ఆగస్టు 23న. మొదటి పేలుడు నుంచి కొనుగోలు దాకా 19 ఏళ్ళు పట్టిందన్నమాట. దీన్ని తప్పుపట్టడం లేదు, మొదటి క్షిపణి కాబట్టి అన్నీ కొత్తగా నేర్చుకున్నారు. ఆమ్కా దళంలో చేరేది 2030ల మధ్యలో అంటున్నారు. విమానం చేతికొచ్చాక చిన్న క్షిపణి గురించి ఆలోచిస్తే, నాలుగంటే నాలుగే క్షిపణులతో అది ఇంకో పది పదిహేనేళ్ళు ఎగరాల్సి వస్తుంది.

మన దగ్గర ముక్కలు లేకపోలేదు. మనిషి మోసుకెళ్ళగల విమాన విధ్వంసక క్షిపణి విషోరాడ్స్‌లో ఒంటిని తిప్పే చిన్న రాకెట్ల వ్యవస్థనూ, కుదించిన ఎలక్ట్రానిక్స్‌నూ హైదరాబాద్ ప్రయోగశాలలు చేసి చూపించాయి. 2022 నుంచి అది చాందీపూర్‌లో పరీక్షలకు నిలబడుతోంది. మనిషి మోసుకెళ్ళగల ట్యాంకు విధ్వంసక క్షిపణికి చిన్న పరారుణ సీకర్ వచ్చింది. 2025 జులైలో కర్నూలు పరీక్షా కేంద్రంలో డ్రోన్ నుంచి వేసే చిన్న క్షిపణిని పేల్చారు. అదే నెల 11న సొంత రాడార్ సీకర్‌తో అస్త్రను సుఖోయ్ నుంచి పేల్చారు. ఇవన్నీ వేరు వేరు పథకాల్లో, వేరు వేరు సైన్యాల కోసం జరిగిన పనులు. వీటిని ఒక చోటికి చేర్చి, ఆమ్కా అర కొలత పక్కన పెట్టుకుని, 1.9 మీటర్ల లోపు పొడవుతో ఒక క్షిపణిని గీయమని ఎవరో ఒకరు అధికారికంగా అడగాలి. అర కొలత ఇంకా మార్చుకునే వీలుండగానే అడగాలి. అస్త్ర ఆమ్రామ్ కంటే 18 సెంటీమీటర్లు పొడవు, అంటే జానెడు లోపు. ఆ జానెడు కోసమే అర పెరగాల్సి వస్తే విమానం మొత్తం మీద ఆ బరువు పడుతుంది.

చిన్న క్షిపణి వల్ల మన ఊళ్ళకు దగ్గరగా ఉన్న ఒక లాభం కూడా చెప్పాలి. పాత ప్రకాశం జిల్లా కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద 4.1 కిలోమీటర్ల అత్యవసర రన్‌వే ఉంది. 2024 మార్చి 18న వైమానిక దళం దాని మీద విమానాలతో విన్యాసం చేసింది. యుద్ధంలో అసలు స్థావరం దెబ్బతింటే అలాంటి చోట దిగి, ఆయుధాలు ఎక్కించుకుని మళ్ళీ లేవాలి. 154 కిలోల క్షిపణి ఎక్కించాలంటే ట్రాలీ, ఎత్తే యంత్రం అన్నీ అక్కడికి రావాలి. 85 కిలోల సైడ్‌వైండర్ తరగతి క్షిపణిని ముగ్గురు నలుగురు చేత్తో ఎత్తి బిగించగలరు. 68 కిలోలదైతే వడ్ల బస్తా కంటే బరువేమీ కాదు.

ఇప్పుడు దొనకొండ. బ్రిటిష్ కాలపు విమానాశ్రయం, రైల్వే షెడ్ల జ్ఞాపకాలతోనే ఇన్నాళ్ళూ మిగిలిన ఊరు అది. అక్కడ దాదాపు 1,400 ఎకరాల్లో, 1,200 కోట్ల రూపాయల పెట్టుబడితో బీడీఎల్ ఘన ఇంధన కర్మాగారం వస్తుందన్న వార్తలు 2025లో మీరూ వేశారు. ఎన్ని ఉద్యోగాలన్నదే రాశారు, ఎలాంటి ఉద్యోగాలన్నది రాయలేదు. శ్రీహరికోటలో దశాబ్దాలుగా ఘన ఇంధనం పోస్తున్నారు. అక్కడి పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ 2.8 మీటర్ల వ్యాసం, 139 టన్నులు. క్షిపణి మోటారు దాని ముందు చీమంత. అయినా పని సులువు కాదు. రాకెట్ ఇంధనం పోశాక కొద్ది నెలల్లోనో ఏడాదిలోనో కాలిపోతుంది. క్షిపణి పదేళ్ళకు పైగా నిల్వ ఉండి, ఏ రోజు అడిగితే ఆ రోజు పనిచేయాలి.

అందులో ఎక్కడ చెడుతుందో చెబుతాం. ఇంధనం రబ్బరులాంటి పదార్థం, గొట్టం లోపలి పొరకు అంటుకుని ఉంటుంది. వేడికీ చలికీ అది ఉక్కు కంటే ఎనిమిది పది రెట్లు ఎక్కువగా సాగి ముడుచుకుంటుంది. రోహిణి కార్తె ఎండలో రన్‌వే మీద నిలబడ్డ విమానం కొద్ది నిమిషాల్లో సున్నాకు 50 డిగ్రీలు కిందున్న ఎత్తుకు పోతుంది. దిగాక మళ్ళీ ఎండ. ఇలా వందల సార్లు జరిగితే అంటుకున్న చోట కాగితం మందాన ఊడుతుంది. గోడకు పూసిన సిమెంటు లోపల వదిలేసి పైకి బాగానే కనబడుతుంది, వేలితో తడితే డొల్ల మోత వస్తుంది. ఇదీ అలాగే. మోటారు అంటుకున్నప్పుడు మంట ఆ సందులోకి దూరుతుంది. కాలకూడని వైపు నుంచి కూడా ఇంధనం కాలుతుంది. మండే వైశాల్యం పెరిగి ఒత్తిడి పెరుగుతుంది, గొట్టం పగులుతుంది. పోత పోసేటప్పుడు చిక్కుకున్న గాలి బుడగ, ఆరేటప్పుడు పడిన సన్నని పగులు కూడా ఇదే పని చేస్తాయి. పెద్ద రాకెట్‌లో ఒక సెంటీమీటరు బుడగ మొత్తంతో పోలిస్తే చిన్న పాలు. 120 మిల్లీమీటర్ల మోటారులో అదే బుడగ ఇంధనం గోడ మందంలో పెద్ద వాటా. కాబట్టి మోటారు చిన్నదయ్యే కొద్దీ వదిలేయగల లోపం కూడా చిన్నదవ్వాలి. దాన్ని ఎక్స్‌రేలో, అల్ట్రాసౌండ్‌లో పట్టుకునే కన్ను పదునెక్కాలి. గాలిలో తేమ కూడా శత్రువే. ఇంధనంలోని ఆక్సీకరణి ఉప్పు తేమను పీల్చుకుంటుంది, గొట్టం పొరకు అతుక్కునే గుణం దెబ్బతింటుంది. ఈ విషయంలో తీరాన ఉన్న శ్రీహరికోట కంటే మెట్ట ప్రాంతమైన దొనకొండ నయమే. వేసవి వేడి మాత్రం దానికి ఎదురు లెక్క.

కర్మాగారానికి కావాల్సింది ఈ కన్నున్న మనుషులు. రేడియోగ్రఫీ ఫిల్ము మీద నీడను చూసి అది బుడగో, ఊడిన అతుకో, ఫిల్ము మీది మచ్చో చెప్పగలవాళ్ళు. వస్తువును పాడుచేయకుండా లోపాలు పట్టే పరీక్షల సంఘం ఐఎస్‌ఎన్‌టీ ఇచ్చే లెవెల్‌-2 ధ్రువపత్రంతో మొదలై, సీనియర్ల పక్కన కూర్చుని ఏళ్ళపాటు ఫిల్ములు చూస్తేనే అది వస్తుంది. ఒంగోలు, దర్శి, కందుకూరు, నెల్లూరు ఐటీఐలలో, పాలిటెక్నిక్‌లలో ఇప్పుడే ఈ శిక్షణ పెడితే ప్రహరీ గోడ లేచేసరికి మొదటి జట్టు సిద్ధంగా ఉంటుంది. పెట్టకపోతే తనిఖీ గదిలో కూర్చునేవాళ్ళు వేరే ఊళ్ళ నుంచి వస్తారు, మనవాళ్ళకు గేటు దగ్గర కాపలా పనీ తోటపనీ మిగులుతాయి. భూములు ఇచ్చిన ఊళ్ళకు అది న్యాయం కాదు. ఈ సంగతి జిల్లా అధికారులనూ, ప్రజాప్రతినిధులనూ అడగాల్సింది మీ పత్రికే.

మీకు మా విన్నపం ఒకటి. ఇక మీదట క్షిపణి వార్త వేసినప్పుడు దూరం పక్కన దాని పొడవు, వ్యాసం, రెక్కల వెడల్పు, బరువు కూడా వేయండి. ఏ విమానంలో లోపల ఎన్ని పడతాయో బయట ఎన్ని పడతాయో ఒక చిన్న బొమ్మలో చూపండి. ఆమ్కా అర కొలత, అందులో పెట్టబోయే క్షిపణి కొలత గురించి విలేకరుల సమావేశాల్లో మీ ప్రతినిధి చేత అడిగించండి. కిలోమీటర్ల గురించి అడిగేవాళ్ళు అక్కడ ఎటూ చాలామందే ఉంటారు.

ఇట్లు,
ఘన ఇంధన తయారీ, నాణ్యతా తనిఖీ విభాగాల్లో పనిచేసి విశ్రాంతిలో ఉన్న సాంకేతిక సిబ్బంది,
ఒంగోలు, ప్రకాశం జిల్లా